కంప్యూటరు మీది గుడ్డ తీసెయ్, హార్మోనియం పెడదాం

గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి కానీ, భద్రాద్రి రాములవారి గుడి కానీ, భజన జరుగుతుంటే కాసేపు కూర్చుంటాం. అందరూ పాడేవాళ్ల మొహాలు చూస్తుంటారు. మనలో కొందరి చూపు మాత్రం హార్మోనియం పెట్టె మీద ఆడే వేళ్లని వదలదు. అవునా, కాదా? ఇంటికొచ్చి కూర తరుగుతున్నా ఆ వేళ్లే కళ్లలో మెదులుతాయి. కానీ ఎవరికీ చెప్పం. చెబితే 'ఇప్పుడేం సంగీతం?' అంటారని భయం. వాళ్లు అనేదాకా ఎందుకు, మనకి మనమే ఆ మాట అనేసుకుంటాం.

దానికి తోడు లెక్కలు. మంచి పెట్టె కావాలంటే వేలు పోయాలి. నేర్పేవాళ్లు ఏ ఖమ్మంలోనో ఏలూరులోనో ఉంటారు. అశ్వారావుపేట నుంచి ఎటు కదలాలన్నా బస్సు కోసం నిలబడాల్సిందే. ఇంట్లో పామాయిల్ గెలల కోత, పిల్లల బడి, అత్తమ్మ మందులు. డబ్బు పోసి కొన్న పెట్టె రెండు నెలలకి అటకెక్కితే మాట పడేదీ మనమే. అందుకని పెట్టె దాకా పోకుండా కోరికనే అటకెక్కించేస్తాం.

చెల్లీ, ఒక్కసారి ముందుగది మూలకి చూడు. కరోనా అప్పుడు పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న కంప్యూటరు ఉంటుంది. పిల్లాడు హాస్టల్‌కి పోయాక దాని మీద పాత చీరముక్క కప్పేశాం. ఆ గుడ్డ తీసెయ్. హార్మోనియం అక్కడే ఉంది. క్రోమ్‌లోకి వెళ్లి 'వెబ్ హార్మోనియం' అని వెతికితే పేజీ తెరుచుకుంటుంది, కీబోర్డు మీద వేలు పెడితే మోగుతుంది. ఊపడానికి తిత్తి కూడా ఉండదు కాబట్టి రెండు చేతులూ ఖాళీ. పియానో కావాలంటే గూగుల్ వాళ్ల క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో 'షేర్డ్ పియానో' ఉంది. రెంటికీ పైసా ఇవ్వక్కర్లేదు.

కంప్యూటరు చెడిపోతుందేమోనని చెయ్యి వణుకుతోందా? వాయిస్తే ఏ కంప్యూటరూ చెడిపోదు. చెడగొట్టేది వేరే ఉంది. పేజీలో పచ్చగా మెరుస్తూ 'డౌన్‌లోడ్' అని పిలిచే బొమ్మ కనిపిస్తే దాని జోలికి పోకు. మనం వాయించబోయే వాద్యానికి ఏదీ దించుకోనక్కర్లేదు. మైకు వాడుకుంటానని ఏ పేజీ అయినా అడిగితే వద్దని చెప్పు, పాట మనం వింటే చాలు. ఇంకోమాట, నీది విండోస్ 7 నాటి పాత మిషన్ అయితే కొత్త క్రోమ్ దాని మీద ఎక్కదు, 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. హార్మోనియానికి అది సరిపోతుంది. కానీ దాంట్లో బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకు, అక్క మాట విను.

సరే, పేజీ తెరిచాం, కీ నొక్కాం, చప్పుడు లేదు. మొదటి దెబ్బకే మనసు చివుక్కుమంటుంది కదూ? 'నాకు రాదని చెప్పానా' అంటూ లేచిపోతాం. కూర్చో. తప్పు నీది కాదు. మనం తాకకుండానే పేజీలు గోల చెయ్యకూడదని క్రోమ్‌లో 2018లో ఒక కట్టడి పెట్టారు. మౌస్‌తో పేజీ మీద ఒక్కసారి నొక్కితే శబ్దానికి అనుమతి దొరుకుతుంది. అలా నొక్కి, మళ్లీ కీబోర్డు మీద వాయించు. అప్పటికీ రాకపోతే డెస్క్‌టాప్ వెనక్కి వంగి చూడు. ఆకుపచ్చ రంధ్రం స్పీకర్లది, గులాబీ రంగుది మైకుది. సంక్రాంతికి బూజులు దులిపినప్పుడు వైరు గులాబీలోకి మారిపోయి ఉంటుంది, చాలా ఇళ్లలో ఇదే కథ. అదీ కాకపోతే కీబోర్డు తెలుగులో ఉందేమో చూడు. విండోస్ బటన్, స్పేస్ బటన్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకి మారుతుంది. కొన్ని పేజీలు ఇంగ్లీషు అక్షరాల కోసమే కాచుకుని ఉంటాయి.

ఇప్పుడు అసలు రోగానికి వద్దాం. నేర్చుకుందామని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు చాలామంది 'నాకు తాళం రాదక్కా' అంటారు. తాళం రాకపోవడం కాదమ్మా అది. వేలు నొక్కినప్పుడు కాక, కాస్త ఆగి మోగుతోంది. ఆ కాస్త ఆలస్యమే మనల్ని తడబెడుతుంది. చెవికి ఆలస్యంగా వినిపిస్తుంటే వేలు దాని కోసం ఆగుతుంది, వేలు ఆగితే శబ్దం ఇంకా వెనకపడుతుంది, పాట మొత్తం జారిపోతుంది. ఎంత పెద్ద విద్వాంసుణ్ణి కూర్చోబెట్టినా ఇంతే. కాబట్టి నీ చేతుల్ని తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపెయ్.

ఈ ఆలస్యం ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? పిల్లాడు ముద్దుగా కొనిచ్చిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల నుంచి. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకు రెట్టింపు గడిచిపోతుంది. సినిమా చూస్తే తెలియదు, ఎందుకంటే బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తారు. మన వేలిని ఎవరు ఆపుతారు? గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన సెకనులో పదో వంతు ఆలస్యమంటే మన హార్మోనియం గుడి గర్భాలయం దగ్గర పెట్టి, మనం 34 మీటర్ల అవతల గాలిగోపురం కింద కూర్చుని వాయిస్తున్నట్టు. కుదిరే పనేనా? పెట్టె ఒళ్లో ఉంటే ఆలస్యం సెకనులో వందో వంతు కూడా ఉండదు, చెవి పట్టుకోలేదు.

మందు చాలా చవక. వైరున్న ఇయర్‌ఫోన్. సెల్ షాపుల్లో దొరికేదే. గుండ్రటి పాత పిన్ను ఉన్నది తీసుకో, సన్నటి సి-టైపు పిన్నుది పాత కంప్యూటరుకి పట్టదు. బ్లూటూత్ స్పీకరు కూడా వద్దు. టీవీకి కలిపితే పెద్దగా వినిపిస్తుంది కదా అంటావేమో, టీవీ కూడా శబ్దాన్ని తనదైన పద్ధతిలో వండి వడ్డిస్తుంది, అదీ ఆలస్యమే. వైరు ఒక్కటి మార్చాక 'అక్కా, తాళం వచ్చేసింది' అని నువ్వే ఫోన్ చేస్తావు.

మిగిలిన కాస్త ఆలస్యాన్ని కంప్యూటరులో దులపొచ్చు. తెరిచి వదిలేసిన పేజీలన్నీ మూసెయ్, యూట్యూబు కూడా. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి వాయించు, బ్యాటరీ పొదుపులో ఉన్నప్పుడు మిషన్ నిదానిస్తుంది, శబ్దం చిటపటలాడుతుంది. విండోస్ సెట్టింగుల్లో సౌండ్ దగ్గరికి పోయి, మనం వాడే స్పీకరు మీద నొక్కితే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' అని ఒకటుంటుంది, దాన్ని ఆపెయ్. అది సినిమాలకి హంగు, మనకి అడ్డు. హార్మోనియం పేజీలో 'రివెర్బ్' అనే మీట ఉంటే దాన్నీ మొదట్లో తగ్గించుకో. గుహలో పాడినట్టు బాగానే ఉంటుంది కానీ తప్పు స్వరాన్ని కప్పేస్తుంది. నేర్చుకునేటప్పుడు తప్పు వినిపించాలి కదా.

'కీబోర్డు మీద ఏబీసీడీలుంటాయి, సరిగమలు ఎక్కడుంటాయి?' అనేది తర్వాతి దిగులు. ఒక్కో సైటు అమరిక ఒక్కో తీరు. ఎక్కువగా కనిపించే అమరిక చెబుతాను, నీ పేజీలో మెట్ల మీద రాసిన అక్షరాలతో ఒకసారి సరిచూసుకో. మధ్య వరసలో ఎడమ చివరి 'ఏ' అక్షరం షడ్జమం. అక్కడి నుంచి ఏ, ఎస్, డి, ఎఫ్, జి, హెచ్, జె, కె వరసగా తెల్ల మెట్లు. అంతే వాయించుకుంటూ పోతే శంకరాభరణం ఆరోహణ వచ్చేసినట్టే. పై వరసలో డబ్ల్యూ, ఇ, టి, వై, యు నల్ల మెట్లు.

పురందరదాసుగారి కాలం నుంచీ తొలి పాఠం మాయామాళవగౌళలోనే అంటారు కదా, అది ఏ, డబ్ల్యూ, డి, ఎఫ్, జి, వై, జె, కె. మోహన ఇంకా సులువు. ఏ, ఎస్, డి, జి, హెచ్, కె, అంతా ఒకే వరస, నల్ల మెట్టు ఊసే లేదు. సరళీ స్వరాలు విసుగేసిన రోజు మోహన వాయించు, మనసు తేలికపడుతుంది. కాయితం ముక్కల మీద స, రి, గ, మ రాసి కీబోర్డు మీద అంటించుకున్నా తప్పేం లేదు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

వాయిస్తుంటే రెండు చికాకులు రావొచ్చు. కొన్ని పేజీల్లో నల్ల మెట్టుకి షిఫ్ట్ నొక్కాలి. వరసగా ఐదుసార్లు నొక్కేసరికి 'స్టిక్కీ కీస్' అంటూ ఒక డబ్బా లేచి మధ్యలో నిలబడుతుంది. భయపడకు, అది వైరస్ కాదు. చేతులు సహకరించనివాళ్ల సౌకర్యం కోసం పెట్టింది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీకి పోయి కీబోర్డు దగ్గర ఆపేస్తే మళ్లీ రాదు. రెండోది, ఒకేసారి మూడు మెట్లు నొక్కితే రెండే మోగడం. మామూలు కీబోర్డుల లోపల తీగలు నిలువూ అడ్డం గళ్లుగా ఉంటాయి. కొన్ని గళ్లు కలిసి నొక్కుకుంటే మూడోదాన్ని అది గుర్తుపట్టలేదు. నీ వేలు బలహీనం కాదు, కీబోర్డుకి అంతే చేతనవును. మన సంగీతం ఒక్కో స్వరంగా నడిచేదే కాబట్టి పెద్ద నష్టం లేదు. స, ప, పై స కలిపి పట్టి శ్రుతి వేసుకోవాలంటే మాత్రం అడ్డు రావచ్చు. దానికి ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని పక్కన ఉంచు. అది నిలకడగా మోగేది కాబట్టి అక్కడ ఆలస్యం గొడవ లేదు.

ఇక గొంతు సంగతి. వాయిస్తూ పాడబోతే గొంతు పైకి అందదు, లేదంటే కిందకి దిగదు. 'నా గొంతే బాలేదు' అని మళ్లీ మొదలు. చెల్లీ, ఆ 'ఏ' అక్షరం మీద మోగేది ఒకటో శ్రుతి, ఎక్కువగా మగవాళ్లకి కుదిరేది. ఆడవాళ్ల గొంతులు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతుల దగ్గర హాయిగా ఉంటాయి. పేజీలో 'ట్రాన్స్‌పోజ్' అని ఉంటుంది చూడు. ఐదు శ్రుతి కావాలంటే ఏడు మెట్లు పైకి గానీ, ఐదు మెట్లు కిందకి గానీ జరుపు. ఐదున్నరకి ఎనిమిది పైకి, లేదా నాలుగు కిందకి. వేళ్లు అక్కడే ఉంటాయి, శ్రుతి నీ గొంతు దగ్గరికి వస్తుంది. నిజం పెట్టెలో ఈ సుఖం అందరికీ దొరకదు. శ్రుతి మార్చాలంటే వేళ్ల లెక్కంతా మార్చుకోవాలి, లేదంటే మెట్లవరస జరిగే ఖరీదైన పెట్టె కొనాలి.

అన్నయ్య పిల్లలు వాడి పడేసిన కాసియో కీబోర్డు ఇంట్లో ఉంటే నువ్వు అదృష్టవంతురాలివే. దాని వెనక ప్రింటరు వైరు పట్టేలాంటి చతురస్రపు రంధ్రం ఉందేమో చూడు. ఉంటే ఆ వైరుతోనే కంప్యూటరుకి కలపొచ్చు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అని కంప్యూటరుకి చెప్పే పద్ధతి పేరు మిడి. 1983 నాటి భాష అది, నీ పాత కాసియోకీ వచ్చు, నేటి క్రోమ్‌కీ వచ్చు. పేజీ 'మిడి వాడుకోనా?' అని అడిగితే ఈసారి సరేనను. క్రోమ్, ఎడ్జ్, కొత్త ఫైర్‌ఫాక్స్‌లో ఇది నడుస్తుంది. యాపిల్ వాళ్ల సఫారీలో నడవదు, కాబట్టి ఐప్యాడ్ ముందు పెట్టుకుని గంటలకొద్దీ కుస్తీ పట్టకు. అలాగని దీనికోసం కొత్త కీబోర్డు ఇప్పుడే కొనొద్దు. మోహన తడుముకోకుండా వాయించే రోజు రానీ, అప్పుడు మాట్లాడుకుందాం.

'నెట్ ఉండాలిగా అక్కా, మా దమ్మపేట లోపలికి సిగ్నలే రాదు' అంటావు. ఇక్కడో మంచి సంగతి ఉంది. ఇలాంటి పేజీల్లో చాలావరకు స్వరాల శబ్దాలన్నీ మొదట్లోనే కంప్యూటరులోకి దిగిపోతాయి. మోత అక్కడి నుంచీ మన మిషన్‌లోనే పుడుతుంది. అంటే పేజీ పూర్తిగా తెరుచుకున్నాక సిగ్నల్ పోయినా వాయిద్యం ఆగదు, పేజీని మూయకుండా, మళ్లీ తెరవకుండా ఉంటే సరి. సిగ్నల్ ఉన్న పూట ఫోన్ హాట్‌స్పాట్‌తో తెరిచి పెట్టుకో. గాలివానకి కరెంటు పోయే రోజుల్లో డెస్క్‌టాప్‌ని మాత్రం నమ్ముకోకు. ఆకాశం మెరుస్తుంటే ప్లగ్గు పీకెయ్. ఆ పూట స్వరాలు నోటితో అనుకో.

నేర్పేవాళ్లు దూరమన్న దిగులు ఇంకా మిగిలింది కదూ. ఇప్పుడు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, అమెరికాలో ఉన్న మన తెలుగు టీచర్ల దగ్గరి నుంచి కూడా జూమ్‌లో పాఠాలు నడుస్తున్నాయి. టీచరుగారికి నీ హార్మోనియం ముక్కలుముక్కలుగా వినిపిస్తుందంటే కారణం ఎక్కువగా ఇదే. మాట తప్ప మిగతాదంతా రొద అనుకుని జూమ్ నొక్కేస్తుంది, సాగే స్వరాన్ని ఫ్యాను మోతలా తీసిపారేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంటుంది, అది ఆన్ చెయ్. అయితే మైకు ముందు స్పీకరు మోగిస్తే టీచరు గొంతే మళ్లీ టీచరుకి వినిపించి గోల అవుతుంది. ఆవిడ చెప్పేటప్పుడు ఇయర్‌ఫోన్లో విను, నీ వంతు వచ్చినప్పుడు దాన్ని పీకి స్పీకర్లో వాయించు. ఇద్దరూ కలిసి ఒకేసారి వాయించాలని మాత్రం చూడొద్దు. నెట్ మీద మాట అటూ ఇటూ పోయి వచ్చేసరికి తాళం తప్పుతుంది. ఆవిడ ఒక ఆవృతం, నువ్వొక ఆవృతం. మన పాఠం పద్ధతి ఎప్పుడూ అదేగా.

ఇంత చెప్పాక దాచకూడని మాట కూడా చెప్పాలి. దీంట్లో గమకం పలకదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం, ఊగడం ఉండదు. పాల్వంచ తహసీల్దారు గోపన్నగారు, అదే మన రామదాసుగారు, ఆనందభైరవిలో చేసిన కీర్తనలు ఇష్టమని వాటితోనే మొదలుపెడితే నిరాశే. మెట్లు సరిగ్గానే పడతాయి, రాగం మాత్రం రాదు. గొంతుతో పాడి, వాయిద్యాన్ని కింద ఆసరాగా నడిపించు, అప్పుడు బాగుంటుంది.

ఈ నింద కంప్యూటరుకి కొత్తగా వచ్చింది కూడా కాదు, పెట్టెకే ఉండేది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ పేటెంటు హక్కులు తీసుకున్న ఫ్రెంచి వాద్యం అది, కాళ్లతో తొక్కేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఊపేలా మార్చాక మన భజనల్లోకి వచ్చింది. గమకం పలకని ఆ పరాయి పెట్టె మాకొద్దని 1940లో ఆకాశవాణి బయటికి నెట్టేసింది. 1971 దాకా తలుపు తీయలేదు. ఆ మూడు దశాబ్దాలూ నాటకాలవాళ్లు, భజనలవాళ్లు దాన్ని వదిలారా? రాత్రంతా వాయిస్తూనే ఉన్నారు. కాబట్టి రేపు ఎవరైనా 'ఇదేం హార్మోనియం, కంప్యూటరు బొమ్మ' అంటే మొహం చిన్నబుచ్చుకోకు. నన్నడిగితే, శ్రుతి చెవికెక్కడానికి, స్వరస్థానాలు వేళ్లకి అలవాటవడానికి ఇది చాలు. ఇంతకు మించి ఆశ పుడితే అప్పుడు నిజం పెట్టె కొనమని ఇంట్లో ధైర్యంగా అడగొచ్చు.

ఇల్లు కూడా కాస్త సర్దుకోవాలి. కంప్యూటరు బల్ల ఎత్తుగా ఉండి కుర్చీ పొట్టిదైతే మణికట్టు లాగుతుంది, కింద మెత్త వేసుకో. మోచేతులు కీబోర్డు ఎత్తుకి రావాలి. పేజీని బుక్‌మార్క్ చేసి పెట్టు, ప్రతిసారీ వెతుక్కుంటుంటే సగం ఓపిక అక్కడే పోతుంది. రోజూ గంట కుదరదు, నాకు తెలుసు. మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక ఓ పావుగంట చాలు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆవిడకి కీబోర్డు టకటకలే వినిపిస్తాయి, ఏదో టైపింగ్ నేర్చుకుంటున్నావనుకుంటుంది. కొన్నాళ్లు అలాగే అనుకోనీ. నీకు ధైర్యం వచ్చిన రోజున ఆ వైరు పీకి, స్పీకర్లో ఆవిడకిష్టమైన భజనకి శ్రుతి పట్టి చూడు. అత్తమ్మ కూడా పక్కన కుర్చీ వేసుకుంటే మెట్లన్నీ నువ్వే వాయించకు, ఆవిడనీ ఒక 'స' నొక్కనివ్వు.